మూగజీవుల సేవ : విద్యార్థుల శిక్షణ

నోరుగల మనుష్యుడు తన బాధను చెప్పుకొనగలడు. నోరులేని పశువు చెప్పుకొనజాలదు. దాని బాధను కనిపెట్టి తీర్చుటకై మన పట్టణములయందు కొన్ని సంఘములు వెలసియున్నవి. ఇవి లాభాపేక్ష లేక, దాతలిచ్చు ద్రవ్యముతోను, స్వచ్ఛందముగ వచ్చి పనిచేయువారి శ్రమతోను నడచుచున్నవి. వేసవి సెలవులయందుగాని, కళాశాలలో చేరుటకు ముందు దొరకు తీరికయందుగాని యిట్టి సంఘములలో కొంతకాలము పనిచేసి నేర్చుకొనవలెనని పైతరగతుల విద్యార్థులలో పలువురకు కోరిక కలుగుచున్నది. దీనిని ఇంటర్న్‌షిప్పు అని వాడుచున్నారు. పిల్లల యుత్సాహ మొకవైపునను, "కుక్క కఱచిన నేమగును?" అను తలిదండ్రుల భయ మొకవైపునను ఉన్నవి. రెండును న్యాయమైనవే. కావున ఆ పని యెట్టిది, అందేమి నేర్వవచ్చును, అందలి యపాయమేమి, దాని నెట్లు తప్పించుకొనవలెను అను విషయముల నిచ్చట వివరింపదలచితిమి.

సంఘములు పుట్టిన విధము

జంతువులయెడ దయ చూపవలెనను మాట మన దేశమునకు క్రొత్తది కాదు. అశోక చక్రవర్తి క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున మనుష్యులకును పశువులకును గూడ చికిత్స నేర్పాటు చేసినట్లు తన శిలాశాసనములయందు వ్రాయించెను. కర్నూలు జిల్లాలోని యెఱ్ఱగుడి కొండమీద ఆయన శాసనములు నేటికిని కానవచ్చుచున్నవి.

అయినను, చట్టమును సంఘమును జతపఱచి యీ పనిని నడపు పద్ధతి ఇంగ్లాండునందు మొదలైనది. 1822లో రిచర్డు మార్టిన్ అను పార్లమెంటు సభ్యుని ప్రయత్నమువలన పశువులను క్రూరముగ హింసించుటను నిషేధించు చట్టము పుట్టెను. చట్టము పుస్తకమున నున్నంతమాత్రమున ఫలమేమి? వీధిలో దానిని అమలు జరిపించువా రెవరు? ఈ లోపమును గుర్తించి, ఆర్థరు బ్రూము అను క్రైస్తవ గురువు 1824 జూన్ 16వ తేదీన లండను నగరమున నొక కాఫీశాలలో కొందఱిని సమావేశపఱచెను. బానిసల వ్యాపారమును రూపుమాపుటకు పాటుపడిన విలియం విల్బర్‌ఫోర్సుగారును, మార్టిన్‌గారును అందుండిరి. ఆనాడు స్థాపింపబడిన సంఘమే 1840లో విక్టోరియా రాణి యనుమతితో 'రాయల్' అను బిరుదమును పొంది, నేటికిని పనిచేయుచున్నది. సంఘపు టప్పులకు పూచీపడిన కారణమున బ్రూముగారు 1826లో చెఱసాలకు పోవలసివచ్చెను. అట్టివారి త్యాగముమీద నిలిచిన పని యిది.

మన దేశమున కోల్స్‌వర్దీ గ్రాంటు అను నాయన 1861లో కలకత్తాయందు ఇట్టి సంఘమును స్థాపించెను. 1959లో మద్రాసునందు విమానచోదకుడగు కెప్టెన్ వి. సుందరంగారు బ్లూక్రాసు సంఘమును ఆరంభించిరి. మన తెలుగునాట 1992లో హైదరాబాదునందు శ్రీమతి అక్కినేని అమలగారు బ్లూక్రాసును, 1996లో విశాఖపట్టణమున శ్రీ ప్రదీప్ కుమార్ నాథ్‌గారు జంతుసంరక్షణ సంఘమును స్థాపించిరి. పాములను చంపక పట్టి అడవులకు చేర్చుటకై 1995లో హైదరాబాదున 'ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్' అను సంఘ మేర్పడెను. ఇట్లు పెద్దవియు చిన్నవియు నగు సంఘములు మఱికొన్ని కలవు.

వాలంటీరునకు ఇంటర్నునకు భేదము

తీరిక దొరకినప్పుడు వచ్చి చేతనైన పని చేసిపోవువాడు వాలంటీరు. ఇన్ని వారములని గడువు నేర్పఱచుకొని, ఒక పెద్ద చేతిక్రింద క్రమముగ పనిచేయుచు, నేర్చుకొనినదానిని వ్రాసి యప్పగించువాడు ఇంటర్ను. సంఘమునకు సాయమును, విద్యార్థికి శిక్షణమును కలుగుట దీని ప్రయోజనము. పని ముగిసిన పిమ్మట ధ్రువపత్ర మిత్తురు. ఆ కాగితముకొఱకే పోవువాడు మూడవ దినముననే విసుగు చెందును. ఏలయన, ఆశ్రమములో మొదట చేతికిచ్చునది కుక్కపిల్ల కాదు, చీపురుకట్ట.

దినచర్య

తెల్లవాఱగనే గదులు కడుగుట మొదటి పని. రాత్రి మలమూత్రములను తీసి, గచ్చును నీటితో కడిగి, మందునీళ్లు చల్లి, ఆరనిచ్చి, పిమ్మటగాని జంతువును మరల లోనికి విడువరు. ఇది నీచమైన పని యనుకొనరాదు. కుక్కపిల్లలను తుడిచిపెట్టు పార్వో అను విరోచనముల వ్యాధి మలముద్వారమున వ్యాపించును. ఆ సూక్ష్మక్రిమి నేలమీద మాసములకొలది బ్రదికియుండగలదు. ఒక గదిలో వాడిన చీపురు మఱియొక గదికి పోయినచో చావు గూడ దానివెంట పోవును. అందుచేత రోగముగల వాని గదులకు వేఱు చీపురు, వేఱు బొచ్చెలు, వేఱు చెప్పు లుండును. ఆరోగ్యముగల పిల్లల గదిని ముందుగను, రోగుల గదిని చివరను కడుగవలెను. ఈ క్రమమును మఱవకుండుటయే ఇంటర్ను నేర్వవలసిన ప్రథమ పాఠము.

అటుపిమ్మట మేత. ఏ జంతువునకు ఎంత పెట్టిరి, అది యెంత తినెను, ఎంత విడిచెను అనునది చిట్టాలో వ్రాయవలెను. నిన్న తిన్న కుక్క నేడు తినకున్న నది పశువైద్యునకు మొదటి సూచన. మాటలు రాని రోగికి చిట్టాయే నోరు. గాయములకు కట్లు కట్టునపుడు పట్టుకొనుట, పురుగులు పట్టిన పుండ్లను వైద్యుడు శుభ్రము చేయునపుడు పరికరముల నందించుట, పిడుదులు తీయుట, గజ్జికుక్కలకు మందు నీటితో స్నానము చేయించుట మొదలగునవి యనుభవజ్ఞుల యెదుటనే చేయవలెను. ఇవిగాక, ఆపదలోనున్న జంతువుల గుఱించి ఫోను చేయువారికి ఓపికతో బదులు చెప్పుట, చోటును గుర్తులతో సహా వ్రాసికొనుట, లెక్కలు వ్రాయుట, పెంచుకొన గోరి వచ్చువారి యింటి పరిస్థితులను విచారించుట గూడ పనులే. జంతువులను తాకుటకు జంకువాడు సయితము ఇందు చక్కగ సేవ చేయవచ్చును.

ఇంకొక సంగతియు చెప్పవలసియున్నది. లారీ క్రింద పడి వచ్చిన కుక్కలన్నియు బ్రదుకవు. పదిదినములు చేతితో మేపిన పిల్ల పదునొకండవ దినమున చావవచ్చును. లేతమనస్సున కది పెద్దదెబ్బ. ఏడ్చుట తప్పుకాదు. కాని, ఆ గది కడిగి, చిట్టాలో ఆ మాట వ్రాసి, ప్రక్కగదిలో ఆకలిగొన్న దానికి వేళకు మేత పెట్టవలెను. దయ కన్నీటితో ముగియక పనిగా మాఱుట యిచ్చటనే నేర్తురు.

పిచ్చికుక్క కాటు : తప్పక తెలియవలసిన విషయము

తలిదండ్రుల భయమునకు మూలమిది గనుక కొంత వివరముగ చెప్పెదము. రేబీసు అను నీ వ్యాధి వ్యాధిగ్రస్తమైన జంతువు చొంగలోనుండి కాటుద్వారమునను, గీరుద్వారమునను, పుండును నాకుటవలనను మనుష్యుని చేరును. మనుష్యులకు వచ్చు రేబీసులో నూటికి తొంబదితొమ్మిది వంతులవఱకు కుక్కలవలననే వచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. అనుమానముగల జంతువులు కఱచినవారిలో నూటికి నలువదిమంది పదునైదేండ్లలోపు పిల్లలే. కఱచినచోటినుండి క్రిమి నరముల వెంబడి మెల్లగ మెదడునకు ప్రాకును. మెదడును చేరి లక్షణములు కనబడిన పిమ్మట మరణము దాదాపు తప్పదు. కాని, లక్షణములు కనబడుటకు ముందు సాధారణముగ కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు మాసములు, వ్యవధి యుండును. ఆ వ్యవధిలో టీకా వేయించుకొన్నవాడు బ్రదుకును. 1885 జూలై 6వ తేదీన లూయీ పాశ్చరుగారు జోసెఫ్ మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలునకు మొదట ఈ చికిత్స చేసి కాపాడిరి. మన దక్షిణదేశమున కూనూరునందలి పాశ్చరు సంస్థ 1907లో నెలకొల్పబడెను.

కావున కుక్కగాని, పిల్లిగాని, కోతిగాని కఱచినను గీరినను చేయవలసిన పనులివి :

1. వెంటనే కొళాయి క్రింద పుండును సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలెను. ఇది ప్రాణరక్షణములో సగము.

2. కారము, సున్నము, పసుపు, కాఫీపొడి, ఆకుపసరు మొదలగు వేనిని పుండుమీద పెట్టరాదు. నాటువైద్యముకొఱకు పరుగిడి కాలము పోగొట్టరాదు.

3. అదేదినమున ఆసుపత్రికి పోయి టీకా మొదలుపెట్టవలెను. గాయము లోతైనచో దానిచుట్టు వేయు సీరము గూడ అవసరమగును. వైద్యుడు చెప్పిన తేదీలలో ఒక్కటియు విడువరాదు.

4. పెద్దలు కొట్టుదురను భయమున పిల్లలు కాటును దాచరాదు. పిల్లలు దాచునట్లు పెద్దలు భయపెట్టను రాదు. దాచిన కాటే ప్రాణము తీయును.

జంతువులతో పనిచేయువారు కఱవకముందే యీ టీకాను వేయించుకొనవలెను. అట్లు వేయించుకొన్నను, కఱచిన పిమ్మట మరల వైద్యుని చూడవలసినదే. ముందు టీకాను గుఱించి యడుగని సంఘమున మీ పిల్లలను చేర్పవలదని మేము నిస్సంకోచముగ చెప్పుచున్నాము.

కుక్కల స్వభావమును గూడ తెలిసికొనవలెను. తినుచున్న కుక్కను, నిద్రించు కుక్కను, పిల్లలతోనున్న తల్లికుక్కను తాకరాదు. క్రొత్తకుక్క మొఱుగుచు మీదికి వచ్చినపుడు పరుగెత్తినచో వెంటాడును. చెట్టువలె కదలక నిలిచి, చేతులు ప్రక్కల దించి, దాని కన్నులలోనికి చూడక యుండిన, సాధారణముగ వాసన చూచి పోవును.

వీధికుక్కల సమస్య

ఆడుకుక్క చూలుదాల్చిన సుమారు అఱువదిమూడు దినములకు ఈనును. సంవత్సరమునకు రెండుమాఱులు ఈనగలదు. ఈతకు నాలుగైదు పిల్లలు పుట్టుట సామాన్యము. వీధిలో చెత్తకుప్ప యున్నంతకాలము వానికి తిండికి లోటులేదు. ఒకవీధి కుక్కలను చంపినచో ఆ తిండికై ప్రక్కవీధి కుక్కలు వచ్చును. మద్రాసు నగరపాలకులు చిరకాలము కుక్కలను చంపించియు వాని సంఖ్యను తగ్గింపజాలకపోయిరి. చంపుటకు మాఱుగ సంతాననిరోధ శస్త్రచికిత్స చేసి, రేబీసు టీకా వేసి, పట్టినచోటనే విడువవలెనని బ్లూక్రాసువారు చెప్పుచు రాగా, 1996లో ఆ నగరపాలకు లంగీకరించిరి. 2001లో కేంద్ర ప్రభుత్వము ఈ పద్ధతినే నియమములుగ చేసెను. వానికి బదులుగ 2023లో క్రొత్త నియమములు వచ్చెను. శస్త్రచికిత్సయైన కుక్క చెవికొనను కొద్దిగ కత్తిరింతురు. అట్టి గుర్తుగల కుక్కను చూచినచో చికిత్సయైన దానిగ నెఱుంగునది.

ఒక ప్రాంతపు కుక్కలలో నూటికి డెబ్బదింటికి టీకా పడినగాని అచ్చట రేబీసు వ్యాప్తి తెగదు. పది కుక్కలకు వేసి పేరు వ్రాసికొన్న చాలదు. ఈ కారణముచేతనే కుక్కలను లెక్కించుట, గుర్తులు వ్రాసికొనుట, ఏ వీధిలో నెన్ని మిగిలినవో పటము గీయుట ముఖ్యమైన పనులు. లెక్కలయం దాసక్తిగల విద్యార్థికి ఇంతకంటె మంచి యభ్యాసము దొరకదు.

ఈ విషయమున ప్రజలలో తీవ్రమైన భేదాభిప్రాయములున్నవి. 2025 ఆగస్టు 22వ తేదీన సుప్రీంకోర్టు, రేబీసు గలవియు, మీదపడి కఱచునవియు దక్క మిగిలిన కుక్కలను చికిత్స టీకాల యనంతరము పట్టినచోటనే విడువవలెననియు, మేత పెట్టుటకు ప్రత్యేక స్థలముల నేర్పఱుపవలెననియు చెప్పెను. అదే సంవత్సరము నవంబరు 7వ తేదీన విద్యాలయములు, ఆసుపత్రులు, బస్సుస్టాండులు, రైల్వేస్టేషనులు మొదలగు చోట్లనుండి పట్టిన కుక్కలను మరల నచ్చట విడువక ఆశ్రయములయం దుంచవలెనని యాజ్ఞాపించెను. కఱవబడిన బిడ్డను కన్నతల్లి కోపమును తప్పుపట్టుటకు వీలులేదు. ఆకలిగొన్న కుక్కకు అన్నము పెట్టు ముసలమ్మయు నేరస్థురాలు కాదు. ఈ యిరువురి నడుమ నిలిచి, ఇరువురి మాటను విని, టీకా శస్త్రచికిత్సల పనిని ముందునకు సాగించువాడే నిజమైన జంతుసేవకుడు.

ఎద్దులు, ఆవులు, పక్షులు

సేవ కుక్కలతో ముగియదు. కాడి రాపిడిచే మూపు పుండైన యెద్దును చూడని పల్లె గలదా? 1965 నాటి నియమముల ప్రకారము బండిపశువును దినమునకు తొమ్మిది గంటలకంటె నెక్కువ పనిచేయించరాదు; విశ్రాంతి నీయక వరుసగ ఐదు గంటలు మించి నడపరాదు; ఎండ 37 డిగ్రీలు మించు ప్రాంతములలో మధ్యాహ్నము పండ్రెండునుండి మూడుగంటలవఱకు బండి కట్టరాదు. మన వేసవిలో ఈ నియమము వర్తింపని దినములు కొద్ది. బండివాడు పేదవాడు. అతనిని దూషించుటకంటె, పుండునకు మందును, కాడిక్రింద మెత్తని గుడ్డయు నిచ్చి మంచిమాట చెప్పుట మేలు.

పట్టణములలో నావులు చెత్తకుప్పలలోని ప్లాస్టికు సంచులను తిండితో కూడ మ్రింగును. అవి జీర్ణము కావు, బయటికి పోవు, పొట్టలో ఉండకట్టి, మేతకు చోటులేక ఆవు కృశించును. పొట్ట కోసి తీయుటదక్క గత్యంతరము లేదు. మిగిలిన యన్నమును సంచిలో మూటగట్టి పాఱవేయకుండుట మన ప్రతియింటను చేయదగిన జంతుసేవ.

సంక్రాంతి దినములలో గాలిపటముల నైలాను దారమునకు చిక్కి పక్షుల ఱెక్కలు తెగును. మనుష్యుల కంఠములును తెగుచున్నవి. జాతీయ హరిత న్యాయస్థానము 2017లో దానిని నిషేధించెను. నూలుదారముతో పటము నెగురవేసిన సంతోషమునకు లోటేమి? గూటినుండి జాఱిపడిన పక్షిపిల్లను కనుగొన్నచో గూటిలోనే పెట్టవచ్చును. మనుష్యుని చేయి తగిలిన పిల్లను తల్లి విడుచునన్న మాట నిజముకాదు.

మంచిమనస్సుతో చేసిన పనియు తెలియకున్న హాని కలిగించును. మనుష్యుల జ్వరపు బిళ్లయగు పారాసిటమాలు పిల్లికి విషము. చాకొలెట్టు కుక్కకు హానికరము. ఉడికిన యెముక చీలి కుక్క ప్రేగులలో గ్రుచ్చుకొనును. పశువైద్యుని యడుగక మందు నీయరాదు.

చట్టము

జంతువులను హింసించుటను నిషేధించు మన ముఖ్య చట్టము 1960లో చేయబడెను. రాజ్యసభ సభ్యురాలగు శ్రీమతి రుక్మిణీదేవి అరండేలుగారి కృషి దీనికి మూలము. ఈ చట్టము క్రింద 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి వారే మొదటి యధ్యక్షురాలు. సమస్త జీవులయెడ దయ గలిగియుండుట పౌరుని విధియని 1976లో మన రాజ్యాంగమున చేర్పబడెను. అయితే 1960 చట్టము ననుసరించి మొదటి నేరమునకు జరిమానా పది రూపాయలకు తగ్గకుండ ఏబదివఱకు మాత్రమే. ఒక పశువును క్రూరముగ కొట్టినవాడు ఈ చట్టము క్రింద అంత చెల్లించి పోవచ్చును. చట్టముకంటె మనస్సు మాఱుట యెంత యవసరమో దీనినిబట్టి తెలియుచున్నది.

తలిదండ్రులు విచారింపవలసినవి

పిల్లలను పంపకముందు పెద్దలు స్వయముగ సంఘమునకు పోయి చూడవలెను. సంఘము రిజిస్టరు చేయబడినదా? పశువైద్యుడు క్రమముగ వచ్చుచున్నాడా? నీడయు నీరును మేతయు చాలినట్లున్నవా? పిల్లవాడు ఎవరి పర్యవేక్షణమున నుండును? కఱచినయెడల నే యాసుపత్రికి తీసికొనిపోవుదురు? పనిగంట లెన్ని? శిక్షణకు సొమ్ము అడుగుదురా? ఆడపిల్లలకు రాకపోకల యేర్పాటేమి? ఈ ప్రశ్నలకు చిరాకుపడు సంఘము తగినది కాదు. పదునెనిమిదేండ్లు నిండనివారిని చేర్చుకొనని సంఘములు కలవు. చేర్చుకొనునవి తలిదండ్రుల వ్రాతపూర్వకమైన అంగీకారము నడుగవలెను.

పశువైద్యము చదువగోరు విద్యార్థికి ఈ యనుభవము మిక్కిలి యుపయోగకరము. తిరుపతి, గన్నవరము, హైదరాబాదులోని రాజేంద్రనగరము మొదలగు చోట్ల పశువైద్య కళాశాలలు గలవు. ఆ చదువు ఐదున్నర సంవత్సరములు. అందులో ఒక సంవత్సరము ఇంటర్న్‌షిప్పే. రక్తమును, దుర్గంధమును, రాత్రివేళ పనిని ఓర్వగలమో లేదో ముందుగ తెలిసికొనుట మంచిదికాదా? ఓర్వలేమని తెలిసికొన్నను నష్టములేదు. వేఱు మార్గము నెంచుకొనవచ్చును.

చిన్నతరగతుల పిల్లలు ఆశ్రమమునకు పోనక్కఱలేదు. ఎండకాలమున గోడమీద మట్టిమూకుడులో నీరు పెట్టి, దోమలు పుట్టకుండ దినదినము మార్చుట. ఇంటి కుక్కకు ఏటేట టీకా వేయించుమని నాన్నగారికి జ్ఞాపకము చేయుట. ఱాళ్లు రువ్వు తోటిపిల్లలను మంచిమాటతో వారించుట. పాత గోతాములు, దుప్పట్లు కూడబెట్టి సంఘమునకు పంపుట వారు చేయదగిన పనులు.

బాలబాలికలారా, దయ యనునది హృదయములో పుట్టును గాని, చేతులలో పెరుగును. తెలిసి చేసిన దయ ప్రాణమును నిలుపును; తెలియక చేసినది ఒక్కొక్కప్పుడు ప్రాణమును తీయును. కావున ముందు నేర్చుకొనుడు, టీకా వేయించుకొనుడు, పెద్దల యనుమతి పొందుడు, పిమ్మట చీపురు చేతబట్టుడు. ప్రతిఫలము చెప్పలేని ప్రాణికి చేసిన సేవయందు ప్రతిఫలాపేక్ష కలుగదు గనుక, అది మనస్సును శుభ్రపఱచునని మా నమ్మకము.